ప్రొబేషన్ మొదలుపెట్టింది నిజంగా బూట్లు కుట్టే మనిషేనా?

రెండో_సెమిస్టరు
నేరశాస్త్రం పేపరుకు చదువుతున్నాను. మా గైడులో ప్రొబేషన్ చరిత్ర మొత్తం రెండు వాక్యాలు. 1841లో బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే బూట్లు తయారుచేసే వ్యక్తి దీనికి ఆద్యుడట. 1958లో మన దేశంలో చట్టం వచ్చిందట. మధ్యలో 117 ఏళ్లు ఏ గంగలో కలిశాయి? పైగా బూట్లు కుట్టుకునే మనిషికి కోర్టులో ఏం పని? ముద్దాయి కాదు, సాక్షి కాదు, వకీలు అసలే కాదు. జడ్జి నోరెలా తెరవనిచ్చాడు? మా లెక్చరర్‌ను అడిగితే "అది పరీక్షలో రాదు, వదిలేయ్" అన్నారు. వదలబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి.

అమ్మమ్మ_ఆవకాయ
ప్రొబేషన్ అంటే ఉద్యోగంలో మొదటి రెండేళ్లు అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. నాది డిక్లేర్ కావడానికి నాలుగేళ్లు పట్టింది. నేరం ఏమీ చేయలేదని మనవి.

నల్లకోటు
ఆవకాయ గారూ, రెండూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో పరీక్షించి చూడటం, రుజువు చేసుకోవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మీ విషయంలో పరీక్షించింది పై అధికారి, ముద్దాయి విషయంలో కోర్టు.

విద్యార్థి గారికి ఒక మాట. బెయిలునూ దీన్నీ కలపకండి. బెయిలు విచారణకు హాజరవుతాడన్న హామీ. ప్రొబేషన్ నేరం రుజువయ్యాక వచ్చేది. "తప్పు చేశావు, జైలుకు పంపగలను, పంపడం లేదు, ఫలానా వారి కంటి కింద బుద్ధిగా ఉండు" అనడం. అయితే మొదట్లో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసే ఉన్నాయి. కథ అంతా అక్కడే ఉంది.

పాతపుస్తకం
అగస్టస్ తన పదేళ్ల పనికి తానే లెక్క చెబుతూ రాసిన నివేదిక 1852లో అచ్చయింది. దాన్ని చదివిన ధైర్యంతో చెబుతున్నాను.

1841 ఆగస్టులో ఒక ఉదయం. బోస్టన్ పోలీసు కోర్టు. అగస్టస్ దుకాణం కోర్టుకు దగ్గరే. ఆ రోజు ఆయన కోర్టులో కూర్చుని ఉండగా తలుపు తెరుచుకుంది, లాకప్ నుంచి ఒక మనిషిని తెచ్చారు. ఒంటి మీద చింకిపాతలు. నేరం ఏమిటంటే "అలవాటుపడిన తాగుబోతు" కావడం. అవును, అక్కడ అప్పట్లో అదే ఒక నేరం. రుజువు కావడానికి ఎంతో సేపు పట్టలేదు. శిక్ష వేయబోయే ముందు అగస్టస్ అతనితో కాసేపు మాట్లాడాడు. ఈసారికి దిద్దుబాటు గృహానికి పంపకుండా వదిలితే ఇక చుక్క ముట్టనన్నాడు. ప్రతి తాగుబోతూ చెప్పే మాటే కదా! కానీ ఆ చెప్పిన తీరు చూసి అగస్టస్ నమ్మాడు. కోర్టు ఒప్పుకుంది, ఆయన పూచీ పడ్డాడు. మూడు వారాల తర్వాత హాజరుపరచాలి. ఆ మనిషి మద్యం మానుతానని ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం పెట్టాడు.

మూడు వారాలకు వాయిదా. ఇతనే ఆ మనిషి అంటే రోజూ ముద్దాయిలను చూసే కోర్టు సిబ్బంది కూడా నమ్మలేకపోయారట. జడ్జి జైలు మాట ఎత్తకుండా ఒక సెంటు జరిమానా వేశాడు. కోర్టు ఖర్చులతో కలిపి 3 డాలర్ల 76 సెంట్లు. అక్కడికక్కడే కట్టేశారు.

అమ్మమ్మ_ఆవకాయ
జరిమానా ఒక సెంటు, ఖర్చులు మూడు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లు. కోర్టు ఎక్కడైనా కోర్టే.

దారిన_పోయే_దానయ్య
అంటే బోస్టన్‌లో పూచీ పడింది కూడా నాలాంటి దారిన పోయే దానయ్యేనన్నమాట. నా పేరు ఇన్నాళ్లకు సార్థకమైంది.

రెండో_సెమిస్టరు
నా అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. జడ్జి ఎందుకు ఒప్పుకున్నాడు? చట్టంలో లేనిది చేయవచ్చా?

కరణంగారి_మనవడు
చట్టంలో లేదని ఎవరన్నారు? పూచీకత్తు ఇంగ్లిషు ఉమ్మడి న్యాయంలో ఎప్పటి నుంచో ఉన్నదే. "నేను బుద్ధిగా ఉంటాను, లేదా ఇంత సొమ్ము జప్తు చేసుకోండి" అని కోర్టుకు రాసివ్వడం. 1830లో బోస్టన్‌లోనే, మున్సిపల్ కోర్టులో, జడ్జి పీటర్ ఆక్సెన్‌బ్రిడ్జ్ థాచర్ ముందు జెరూషా చేజ్ అనే ఆవిడ నేరం ఒప్పుకుంటే శిక్ష ప్రకటించకుండా కేసును పక్కన పెట్టి, ఆమె సొంత పూచీ మీద పంపేశారు. కామన్వెల్త్ వర్సెస్ చేజ్ అంటే ఆ కేసే. అగస్టస్ కోర్టులో అడుగుపెట్టడానికి పదకొండేళ్ల ముందు సంగతి.

అటు ఇంగ్లండులో వార్విక్‌షైర్ మేజిస్ట్రేట్లు 1820లలోనే చిన్న వయసు నేరస్థులను నామమాత్రపు శిక్షతో యజమానికో తండ్రికో అప్పగించేవారు. అది చూసిన మాథ్యూ డావెన్‌పోర్ట్ హిల్ బర్మింగ్‌హామ్‌లో రికార్డర్ (అంటే ఆ నగర కోర్టు జడ్జి) అయ్యాక 1841 నుంచి అదే పద్ధతి పెట్టాడు. ఏ సంవత్సరమో చూశారా? అదే 1841. పైగా ఆయన ఒక రిజిస్టరు పెట్టించి, ఆ పిల్లలు ఎలా ఉన్నారో పోలీసు అధికారి చేత మధ్యమధ్య వాకబు చేయించేవాడు. "ఆద్యుడు" అనే కిరీటం ఒక్కరి తల మీదే ఎందుకు పెట్టాలి?

పాతపుస్తకం
మనవడు గారూ, మీరు చెప్పిన వాళ్లంతా జడ్జీలు, మేజిస్ట్రేట్లు. గద్దె మీద నుంచి దయ చూపారు. అగస్టస్ గద్దె కింద నిలబడ్డాడు, చేతిలో ఏ అధికారమూ లేదు. తేడా అక్కడ.

ఇంకో తేడా కూడా ఉంది. ఎవరికి పడితే వారికి పూచీ పడలేదాయన. ముందు విచారించేవాడు. మనిషి వెనకటి నడత ఎలాంటిది, వయసెంత, బయటికి వెళ్తే ఎవరి మధ్య బతుకుతాడు. ఈ మూడూ చూసుకునేవాడు. పూచీ పడ్డాక ఇల్లు చూపించడం, పని వెతకడం, పిల్లలైతే బడిలో వేయడం. గడువులోగా కోర్టుకు వచ్చి ఫలానా మనిషి ఇలా ఉన్నాడని చెప్పడం. 1847లో ఏడు నుంచి పదిహేనేళ్ల లోపు అబ్బాయిలు పంతొమ్మిది మందికి పూచీ పడ్డాడు. నెల నెలా కేసు పిలిచినప్పుడల్లా వెళ్లి చెప్పేవాడు, వాయిదా పడేది. అయిదారు నెలలు అలా నడిచింది. ఆ గడువునే ఆయన ప్రొబేషన్ కాలం అన్నాడు. చివరికి తలా పది సెంట్లు జరిమానా. ఏడుగురికి ఆ పది సెంట్లు కూడా లేకపోతే ఆయనే కట్టాడు.

1958 చట్టంలోని నాలుగో సెక్షన్ తీసి చూడండి. నేర స్వభావం, నేరస్థుడి నడత, ప్రొబేషన్ అధికారి నివేదిక. అగస్టస్ కోర్టు వరండాలో అడిగిన ప్రశ్నలే.

బెంచి_గుమాస్తా
ముప్పై ఏళ్లు కోర్టులో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి మనిషి ఒకడు రోజూ కోర్టుకు వస్తే సిబ్బంది ఎలా చూస్తారో ఊహించగలను. ఆయనను చూసి లోపల ఎవరికి కడుపు మండిందో అదీ చెప్పండి పాతపుస్తకం గారూ.

పాతపుస్తకం
నాడి పట్టారు. కోర్టు నుంచి జైలుకు తీసుకెళ్లిన ప్రతి మనిషికీ అధికారికి 62 నుంచి 75 సెంట్ల వరకు ఫీజు ముట్టేది. అగస్టస్ పూచీ పడితే ఆ ఫీజు పోయినట్లే. అందుకని ఆయన కేసు వచ్చే వేళకు ఆయనకు తెలియనివ్వకుండా చేయాలని చూసేవారు. మీకు తెలియని విద్యలు కావు.

బెంచి_గుమాస్తా
నాకు తెలియని విద్యలు కావు. "అయ్యగారు ఇంకా బెంచి మీదికి రాలేదు" అని చెప్పి, ఆయన కాఫీకి వెళ్లగానే కేసు పిలిపించడం అందులో మొదటి పాఠం.

దారిన_పోయే_దానయ్య
అందరూ పొగుడుతున్నారు, ఒకరైనా అడ్డం తిరగాలి కాబట్టి నేను తిరుగుతాను.

ఒకటి, లెక్కలు రాసింది ఆయనే. రెండు, తాగుబోతులను, చిల్లర నేరాలవాళ్లను, మొదటిసారి దొరికినవాళ్లను ఏరుకుని పూచీ పడ్డాడు. మామిడికాయల్లో పండేవి చూసి గంపలో వేసుకుని, నా గంపలో అన్నీ పండాయి అంటే ఎలా? మూడు, ఆయన ఉన్నది వాషింగ్టన్ టోటల్ అబ్స్టినెన్స్ సొసైటీ అనే మద్యనిషేధ సంఘంలో. అంటే పేదవాడి తాగుడు నేరం, దొరగారి తాగుడు విందు అనే కాలంలో, పేదవాడికి మంచిగా ఉండటం నేర్పే వ్యాపారం. ఇందులో న్యాయం కన్నా నీతిబోధ పాలు ఎక్కువ అని నా అనుమానం.

పాతపుస్తకం
మూడో మాట కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ వాషింగ్టనియన్లు దొరలు కారు దానయ్య గారూ. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ఒక సారాకొట్టులో కలిసి కూర్చుని మానేద్దామనుకుని మొదలుపెట్టిన ఉద్యమం అది. తాగి చెడినవాడు తాగి చెడినవాడి భుజం పట్టుకోవడం వాళ్ల పద్ధతి.

వ్యాపారం అన్నారు. 1858 వరకు ఆయన పూచీ పడ్డ మనుషులు 1,946 మంది. అందులో మగవారు 1,152, ఆడవారు 794. మొదటి 1,100 మందిలో పూచీ తప్పినవాడు ఒక్కడేనని చెప్పుకున్నాడు. మీరన్నట్లు సొంత లెక్కే, కాదనను. కానీ ఈ పనిలో పడి బూట్ల దుకాణం మూలపడింది. స్నేహితులు ఇచ్చే చందాలతో నడిపాడు. డబ్బు గుంజుతున్నాడని నిందలు పడ్డాడు. ప్రభుత్వానికి వేల డాలర్లు మిగులుతుంటే నా జేబు ఖాళీ అవుతోందన్న అర్థంలో ఆయనే జవాబు రాశాడు. 1859 జూన్ 21న పోయేటప్పటికి చేతిలో చెప్పుకోదగ్గదేమీ మిగలలేదు. ఇంత నష్టాల వ్యాపారం ఎవరు చేస్తారు?

అమ్మమ్మ_ఆవకాయ
మా ఆయన చేస్తారు. తెలిసినవాళ్ల చీటీలకు హామీ సంతకాలు.

చార్లెస్_నది_ఒడ్డు
బోస్టన్ దగ్గరే ఉంటున్నాను, పదిహేనేళ్లయింది. ఈ చర్చ చూశాక ఒక సంగతి తట్టింది. లెక్సింగ్టన్ గ్రీన్ పక్కన జొనాథన్ హారింగ్టన్ ఇల్లు అని ఉంది. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదటి రోజు తూటా తగిలిన హారింగ్టన్ తన గడప దగ్గరికి వచ్చి ప్రాణం విడిచాడని చెబుతారు. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా అక్కడికి తీసుకెళ్లి ఆ కథ చెబుతుంటాను. తర్వాతి కాలంలో అదే ఇంట్లో అగస్టస్ ఉండేవాడని, బోస్టన్‌కు రాకముందు చెప్పుల పని అక్కడే చేసేవాడని ఇప్పుడు వెతికితే తెలిసింది. పదిహేనేళ్లుగా సగం కథే చెప్పాను.

రెండో_సెమిస్టరు
చాలా బాగుంది. ఆయన పోయాక? పని ఆగిపోయిందా? ప్రభుత్వం ఎప్పుడు పట్టించుకుంది?

నల్లకోటు
రూఫస్ కుక్ అనే జైలు చాప్లిన్ (ఖైదీలకు మతబోధ చేసే ఆయన), మరికొందరు స్వచ్ఛందంగా కొనసాగించారు. 1878లో మసాచుసెట్స్ చట్టం చేసింది. బోస్టన్ మేయరు జీతం ఇచ్చి ఒక ప్రొబేషన్ అధికారిని నియమించవచ్చు. జీతం మీద ఈ పని చేసే మనిషి చట్టంలోకి రావడం అదే మొదలు. ఇక్కడో తమాషా ఉంది. ఆ అధికారి పోలీసు చీఫ్ అజమాయిషీ కింద ఉండాలి. ఆ ప్రొబేషన్ అధికారి కుర్చీలో కూర్చున్న ఎడ్వర్డ్ శావేజ్ కూడా అంతకుముందు బోస్టన్ పోలీసు చీఫే. పట్టుకున్న చేతికే విడిపించే పని.

1880లో మిగతా పట్టణాలకూ వీలు కల్పించారు, కానీ ఇష్టమైతేనే అన్నారు. ఎక్కువ చోట్ల ఇష్టపడలేదు. 1891లో నియమించే అధికారాన్ని మేయరు చేతిలోంచి తీసి కోర్టుకిచ్చి, కింది కోర్టులన్నిటికీ తప్పనిసరి చేశారు. ప్రొబేషన్ పోలీసు గుమ్మం దాటి కోర్టు గుమ్మంలోకి వచ్చింది అప్పుడే. నన్నడిగితే 1841 కన్నా 1891 పెద్ద తేదీ. పరీక్షలో ఎవరూ అడగరు.

కరణంగారి_మనవడు
1891 పెద్ద తేదీ అన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈ ఏడాదిలో మనిద్దరం ఏకీభవించడం ఇదే మొదటిసారి, నమోదు చేసుకోండి.

నల్లకోటు
నమోదైంది.

ఇంకో ముచ్చట. 1899లో ఇల్లినాయి రాష్ట్రం బాలల కోర్టు చట్టం చేసింది. షికాగోలో కోర్టు తెరిచారు. ప్రొబేషన్ అధికారులు ఉండాలన్నారు, కానీ సర్కారు ఖజానా నుంచి ఒక్క సెంటు కూడా ఇవ్వకూడదని అదే చట్టంలో రాశారు. తొలి అధికారి అల్జీనా స్టీవెన్స్, హల్ హౌస్ అనే పేదల సేవాకేంద్రంలో ఉండి పనిచేసిన కార్మికోద్యమ మనిషి. జీతం సంగతి స్త్రీల సంఘాలు చూసుకోవలసి వచ్చింది.

అమ్మమ్మ_ఆవకాయ
మా అంగన్‌వాడీ అక్కలు ఇది చదివితే నవ్వుతారు. నవ్వుతారో ఏడుస్తారో.

క్రోయిడన్_కృష్ణవేణి
మీరంతా బోస్టన్‌లోనే తిరుగుతున్నారు. లండన్ కథ నేను చెబుతాను, ఇక్కడ సామాజిక సేవా రంగంలోనే పనిచేస్తున్నాను.

1876లో ఫ్రెడరిక్ రైనర్ అనే అచ్చాఫీసు ఆయన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ టెంపరెన్స్ సొసైటీ అనే చర్చి వారి మద్యవ్యతిరేక సంఘానికి ఒక ఉత్తరం రాశాడు. తాగి పట్టుబడినవాడు మళ్లీ మళ్లీ కోర్టుకు రావడమే తప్ప వాడి గురించి ఆలోచించే నాథుడే లేడు, కోర్టుల్లో ఎవరినైనా పెట్టండని దాని సారాంశం. ఉత్తరంతోపాటు అయిదు షిల్లింగులు పంపాడు. ఆ అయిదు షిల్లింగులతో మొదలై సదర్క్ పోలీసు కోర్టులో జార్జ్ నెల్సన్ అనే మాజీ సైనికుడు పోలీసు కోర్టు మిషనరీగా కుదిరాడు. తర్వాత మిగతా లండన్ కోర్టులకూ పాకింది.

వాళ్ల పని మొదట కేవలం ప్రతిజ్ఞాపత్రాలు సంతకాలు చేయించడం, ప్రార్థన చెప్పడం. కానీ కోర్టులో కూర్చున్నాక పని వాళ్లను వదలలేదు. భార్యాభర్తల తగువులు, అద్దె కట్టలేనివాళ్లు, పని పోయినవాళ్లు. మేజిస్ట్రేట్లు కూడా అలవాటుపడ్డారు. "మిషనరీతో మాట్లాడి రా, తర్వాత చూద్దాం" అనేవారు. చట్టంలో లేని మనిషి కోర్టు గదిలో స్తంభంలా పాతుకుపోయాడు.

దానయ్య గారికి ఇష్టమైన ఉదాహరణ కూడా ఇస్తాను. జేన్ కేక్‌బ్రెడ్ అనే ముసలావిడ. తాగి గొడవచేసిందని రెండు వందలకు పైగా సార్లు కోర్టుకు వచ్చింది, పత్రికల్లో పేరు మోగిపోయింది. థామస్ హోమ్స్ అనే మిషనరీ ఆమె కోసం ఎంతో పాటుపడ్డాడు. లేడీ హెన్రీ సోమర్‌సెట్ నడిపే గృహంలో చేర్చారు, అక్కడా ఇమడలేదు. చివరికి మానసిక రోగుల ఆశ్రమానికి పంపారు, 1898లో అక్కడే పోయింది. గంపలో పండనివి కూడా ఉన్నాయి, దాచలేదు.

దారిన_పోయే_దానయ్య
ఇది నాకు నచ్చింది. పండనివాటి గురించి రాసినవాళ్లనే నమ్ముతాను. మిషనరీలంటే చర్చి మనుషులు కదా, మరి కోర్టు మనుషులు ఎప్పుడయ్యారు?

క్రోయిడన్_కృష్ణవేణి
1887లో హోవార్డ్ విన్సెంట్ అనే ఎంపీ మొదటిసారి నేరం చేసినవాళ్ల కోసం చట్టం తెచ్చాడు. అందులో పర్యవేక్షణ ఉండాలని ఆయన ఉద్దేశం, పార్లమెంటులో అది ఎగిరిపోయింది. పేరుకు ప్రొబేషన్, చూసేవాడు లేడు. న్యూజిలాండు అంతకు ఏడాది ముందే, 1886లోనే, పర్యవేక్షణతో సహా చట్టం చేసుకుంది. తల్లి కంటే పిల్ల ముందు నడిచింది. ఇంగ్లండుకు అసలు చట్టం 1907లో వచ్చింది. పాత మిషనరీలే చాలామంది కొత్త ప్రొబేషన్ అధికారులయ్యారు. జీతం కొంత చర్చి సంఘం, కొంత కోర్టు. ఇద్దరు యజమానుల నౌకరీ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ 1907 చట్టంలో అధికారి విధులు రాస్తూ మూడు క్రియలు వాడారు. సలహా ఇవ్వాలి, సాయం చేయాలి, స్నేహం చేయాలి. స్నేహం చేయడాన్ని చట్టబద్ధమైన విధిగా రాశారు. మాకు శిక్షణలో మొదటి రోజు చెప్పిన వాక్యం అదే.

రెండో_సెమిస్టరు
మన 1958 చట్టంలో ఆ మాట ఉందా?

నల్లకోటు
పద్నాలుగో సెక్షన్ ఇప్పుడే తెరిచి చూశాను. విచారణ జరపాలి, పర్యవేక్షించాలి, అవసరమైతే పని చూపించే ప్రయత్నం చేయాలి, నష్టపరిహారం కట్టడంలో సలహా, సాయం, విడుదలైనవారికి సలహా, సాయం. స్నేహం లేదు. రాలిపోయింది.

కరణంగారి_మనవడు
రాలిపోయిందని బాధపడకండి. స్నేహం చేయమని సర్కారు ఉత్తర్వులిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. "స్నేహం చేసిన వివరాలు మూడు ప్రతులలో సమర్పించవలెను."

అమ్మమ్మ_ఆవకాయ
"ఆలస్యమైన స్నేహానికి సంజాయిషీ ఇవ్వవలెను."

పాతపుస్తకం
నవ్వులయ్యాక ఒక విడ్డూరం. అమెరికాలో ప్రొబేషన్‌ను పుట్టించింది మద్యనిషేధ సంఘాల మనిషి. అదే అమెరికాలో కేంద్ర కోర్టులకు ప్రొబేషన్ రాకుండా కొన్నేళ్లు అడ్డుపడ్డవాళ్లలో ముందున్నదీ మద్యనిషేధ పక్షమే. కారణం తేలికగానే అర్థమవుతుంది. నిషేధం వచ్చాక సారా కేసుల్లో జడ్జీలు అందరినీ ప్రొబేషన్ మీద వదిలేస్తారేమోనని భయం. నిషేధ చట్టానికి తన పేరే ఉన్న వోల్‌స్టెడ్ కూడా వ్యతిరేకించాడు.

అంతకుముందు ఒహాయో జడ్జి కిలిట్స్ ఒక నిధుల స్వాహా కేసులో అయిదేళ్ల శిక్ష వేసి, బుద్ధిగా ఉన్నంతకాలం అమలుచేయనన్నాడు. ఆ అధికారం జడ్జికి లేదని 1916లో సుప్రీం కోర్టు కొట్టేసింది, కావాలంటే కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) చట్టం చేసుకోవాలంది. ఆ చట్టం 1925 మార్చి 4న వచ్చింది. సంతకం పెట్టిన అధ్యక్షుడు కూలిడ్జ్, అంతకుముందు మసాచుసెట్స్ గవర్నరు. విద్యార్థి గారు మొదట్లో అడిగిన "చట్టంలో లేనిది చేయవచ్చా" అన్న ప్రశ్నకు అసలు జవాబు కిలిట్స్ కేసే. అగస్టస్ కాలపు జడ్జిని ఎవరూ పై కోర్టుకు లాగలేదు, అంతే తేడా.

రెండో_సెమిస్టరు
మన దగ్గర? 1958కి ముందు ఏమీ లేదా? తెలుగువాళ్లకు దీనితో సంబంధమే లేదా?

కరణంగారి_మనవడు
ఎందుకు లేదు? 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 562వ సెక్షన్ చూడండి. మొదటి నేరమైతే మంచి నడతకు బాండు రాయించుకుని వదలవచ్చు. అదీ 1887 ఇంగ్లండు చట్టం లాగే, చూసేవాడు లేని ప్రొబేషన్. 1931లో దేశమంతటికీ ఒక బిల్లు ముసాయిదా తయారుచేశారు, అది చట్టం కాలేదు. రాష్ట్రాలు ఎవరి దారి వారు చూసుకున్నాయి. మద్రాసు, మధ్య పరగణాలు 1936లో, బొంబాయి, సంయుక్త పరగణాలు 1938లో చట్టాలు చేశాయి. మద్రాసు అంటే అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలూ అందులోవే కదా. 1958 చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఇక తెలుగు సంబంధం. రతన్‌లాల్ వర్సెస్ పంజాబు రాష్ట్రం, 1964 తీర్పు. పదహారేళ్ల కుర్రవాడికి 1962 మేలో మేజిస్ట్రేట్ జైలు శిక్ష వేశాడు. ఆ జిల్లాకు ప్రొబేషన్ చట్టం వర్తించింది సెప్టెంబరులో. తర్వాత వచ్చిన చట్టం అంతకుముందు పడ్డ శిక్షకు అప్పీలులో పనికొస్తుందా? వస్తుందని తీర్పు రాసింది కోకా సుబ్బారావు. రాజమండ్రి మనిషి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. శిక్షను పెంచే చట్టాన్ని వెనక్కి తిప్పకూడదు గానీ, దాని కఠినత్వాన్ని తగ్గించే చట్టం ప్రయోజనం ఇవ్వవచ్చన్నది అందులో తర్కం. నేటికీ ప్రతి ప్రొబేషన్ వాదనలోనూ ఆ కేసు చెబుతారు.

నల్లకోటు
చెబుతాం. జడ్జిగారు తల ఊపుతారు. తర్వాత ప్రొబేషన్ అధికారి నివేదిక కోసం మూడు వాయిదాలు.

బెంచి_గుమాస్తా
ఆ మూడు వాయిదాలూ నేను రాసినవే కాబట్టి ఒక కేసు చెబుతాను. ఊరు, పేర్లు వద్దు.

పంతొమ్మిదేళ్ల కుర్రవాడు, సైకిలు దొంగతనం. మొదటి రోజే ఒప్పుకున్నాడు. ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి ఆరో సెక్షన్ కింద నివేదిక తెప్పించి తీరాలి. మొదటి వాయిదా, రాలేదు. రెండో వాయిదా, రాలేదు. మూడో వాయిదాకు వచ్చింది. "కుటుంబం గౌరవప్రదమైనది, నడత సంతృప్తికరం." ఊరి పేరు తప్పు, తండ్రి పోయి ఆరేళ్లయితే "తండ్రి వ్యవసాయం" అని ఉంది. కుర్చీలోంచి లేవకుండా రాసింది. మా మేజిస్ట్రేటు గారు దాన్ని చదివి, మడిచి, మళ్లీ విప్పి, "ఈ కుర్రవాణ్ణి చూసి రాశారా, విని రాశారా?" అని అడిగారు. జవాబు లేదు.

కొద్ది రోజులకు ఆ సీటులోకి ఒక ఆవిడ వచ్చారు. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి ఆ ఊరికి వెళ్లారు. చెప్పులు తెగితే చేత్తో పట్టుకుని తిరిగొచ్చారు. అగస్టస్ చూసి ఉంటే కుట్టిపెట్టేవాడు. తల్లి ఇడ్లీలు అమ్ముతుంది, కుర్రవాడు వెల్డింగు పనిలో చేరి మానేశాడు, యజమాని జీతం ఎగ్గొట్టాడు, ఇవన్నీ నివేదికలో వచ్చాయి. జామీనుకు ఎవరూ ముందుకు రాకపోతే పక్క ఊరి నుంచి మేనమామను ఆవిడే ఒప్పించి తెచ్చారు. ఆ మేనమామ కోర్టు వరండాలో ఉన్నంతసేపూ మేనల్లుణ్ణి, చెల్లెల్ని, చచ్చిపోయిన బావను, చివరికి మమ్మల్ని కూడా తిట్టాడు. సంతకం మాత్రం పెట్టాడు. ఏడాది బాండు.

దారిన_పోయే_దానయ్య
తిట్టుకుంటూ సంతకం పెట్టేవాడే అసలైన జామీనుదారు. నవ్వుతూ పెట్టేవాణ్ణి నమ్మకూడదు.

క్రోయిడన్_కృష్ణవేణి
నల్లకోటు గారూ, స్నేహం రాలిపోయిందన్నారు. ఆ తెగిన చెప్పులను ఏ సెక్షన్ కింద వేస్తారు?

నల్లకోటు
పద్నాలుగు (ఎ), విచారణ. ప్రయాణ భత్యం మాత్రం నడకకు రాదు.

రెండో_సెమిస్టరు
బెంచి గుమాస్తా గారూ, ఆ కుర్రవాడు తర్వాత ఏమయ్యాడు?

బెంచి_గుమాస్తా
మళ్లీ మా కోర్టుకు రాలేదు. వేరే కోర్టుకు వెళ్లాడో లేదో నేను చెప్పలేను, చెప్పను. మేనమామ మాత్రం సంతలో ఎప్పుడు కనబడినా "ఇంకెన్నాళ్లండీ నా మెడకు ఈ గుదిబండ?" అని అడిగేవాడు. గడువు తీరిన రోజు నేనే చెప్పాను. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత టీ తాగించాడు, రెండు బిస్కెట్లు కూడా.

అమ్మమ్మ_ఆవకాయ
ఆ టీ, బిస్కెట్లు లంచం కిందికి రావా?

బెంచి_గుమాస్తా
డబ్బులు నేనే ఇచ్చాను. ఆయన దగ్గర చిల్లర లేదు.